ఫ్లాష్ లేని సెమీ క్రిస్మస్

బెన్హర్ లైట్ల బోర్డు ముందు కూర్చోబోయే ముందు చెప్పులు విడుస్తాడు. ఎందుకని అడిగినవాళ్లకు, చెప్పుకాలితో తీగ తొక్కితే తెలియదు, ఉత్తకాలికయితే తెలుస్తుంది అని చెబుతాడు. అది నిజమే గానీ సగమే నిజం. చెప్పులు విడిచాక ఒక్క నిమిషం కళ్లు మూసుకుంటాడు. పెదవులు కదులుతాయి. చూసేవాళ్లు లైట్ల లెక్క మననం చేసుకుంటున్నాడేమో అనుకుంటారు.

మైపాడులో పుట్టిన మనిషి. తండ్రి పడవ మీద వేటకు పోయేవాడు. బెన్హర్‌కు మాత్రం సముద్రం పడలేదు. పడవ ఎక్కిన ప్రతిసారీ తిన్నదంతా కక్కుకునేవాడు. తండ్రి తిట్టలేదు. పదహారో ఏట చెయ్యి పట్టుకుని బస్సెక్కించి, నెల్లూరులో షామియానాలు, ట్యూబులైట్లు అద్దెకిచ్చే షాపులో వదిలి, "నీళ్లు నీకు పళ్ళేదు, నిప్పన్నా పడతాదేమో చూడు నాయనా" అని చెప్పి వెళ్లాడు. నిప్పు పడింది. ట్యూబులైట్లు మోశాడు, సీరియల్ సెట్లు అల్లాడు, హాలోజెన్ల ముందు రంగు కాగితాలు కట్టాడు. కాలం మారింది. స్టేజీల మీదికి మెడలు తిప్పే లైట్లు వచ్చాయి. చెన్నై వెళ్లి, ఒకరు వాడి వదిలేసిన డీఎంఎక్స్ బోర్డు తెచ్చుకుని, మూడు నెలలు ఇంటి వసారాలో కూర్చుని దాన్ని నేర్చుకున్నాడు.

ఆ బోర్డు సంగతి తెలియనివాళ్లకు చెప్పడం అతనికి ఇష్టం. లైట్లు ఎనిమిది ఉన్నా వాటన్నిటికీ ఒకటే తీగ. ఒక దాన్నుంచి ఇంకో దానికి, అలా చివరిదాకా పోతుంది. వీధిలో ఇళ్లకు డోరునంబరు ఉన్నట్టు ప్రతి లైటుకూ ఒక నంబరు. బోర్డు మీద మీట జరిపితే ఆ నంబరు లైటుకే కబురు వెళ్తుంది. ఒక మీట రంగుకు, ఒకటి డిజైనుకు, ఒకటి మెడ తిప్పడానికి, ఒకటి ఫ్లాష్‌కు. సున్నా దగ్గర మొదలుపెట్టి రెండువందల యాభై అయిదు దాకా జరపొచ్చు. అతని భార్య ఎలిశబెతు, "మా ఆయనకు నూరు దాకా లెక్క రాదు, రెండువందల యాభై అయిదు దాకా వస్తాది" అని చుట్టాల ముందు నవ్వుతుంది.

ఆ ఫ్లాష్ మీట గురించే ఈ కథ.

రెండేళ్ల కిందట మైపాడు చర్చి ఆవరణలో, క్రిస్మస్‌కు ముందు జరిపే సెమీ క్రిస్మస్ రోజున, యువకుల డాన్సు నడుస్తుండగా బెన్హర్ ఆ మీటను చివరంటా తోశాడు. ఎనిమిది లైట్లూ టపటపా కొట్టుకున్నాయి. జనం కేకలు పెట్టారు. ముందు వరసలో పిల్లలు ఎగురుతున్నారని అతను అనుకున్నాడు. ఎగరడం కాదు. పదకొండేళ్ల అబిగయీలు ఇసుకలో పడి కొట్టుకుంటోంది. వాళ్లవ్వ మగ్దలీనమ్మ అరుపు మైకు శబ్దంలో కలిసిపోయింది. ఎవరో ట్యూబులైట్లు వేసేసరికి ఆ ముసలామె మనవరాలి తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. బెన్హర్ వేలు ఇంకా ఆ మీట మీదే ఉంది.

నెల్లూరు డాక్టరు మూర్ఛ అన్నాడు. మందులు రాశాడు. టపటపా కొట్టుకునే లైట్ల దగ్గరికి పోనివ్వొద్దన్నాడు. మగ్దలీనమ్మ బెన్హర్‌ను ఒక్క మాట అనలేదు. ఆ వారంలోనే, ఏటా ఇచ్చినట్టే, ఎండబెట్టిన నెత్తళ్లు కాగితంలో చుట్టి వాళ్లింటికి తెచ్చి ఎలిశబెతు చేతిలో పెట్టి వెళ్లింది. తిట్టి ఉంటే బాగుండేదని బెన్హర్ ఆ రోజు భార్యతో అన్నాడు. ఆ పూట ఆ చేపలు అతను ముట్టుకోలేదు.

మరుసటి ఏడు అందరూ సెమీ క్రిస్మస్‌కు వస్తే ఆ బిడ్డ ఇంట్లోనే ఉండిపోయింది. వాళ్లిల్లు చర్చికి నాలుగిళ్ల అవతల. పాటలన్నీ వినబడతాయి. అరుగు మీద కూర్చుని పాడుకుందట.

ఈ ఏడు పిల్లల పాటలు నేర్పే ఫేబీ టీచరు అబిగయీలును మొదటి వరసలో నిలబెట్టింది. ఊళ్లో అంత స్వచ్ఛమైన గొంతు ఇంకొకటి లేదు. రెండు పాటలు. పిల్లలందరితో కలిసి గొల్లపిల్లల పాట, చివర్లో నక్షత్రం పాట. నక్షత్రం పాట మొదటి చరణం అబిగయీలు ఒక్కతే ఎత్తుకోవాలి.

సంగతి తెలిసిన రోజే బెన్హర్ మగ్దలీనమ్మ ఇంటికి వెళ్లాడు. ఆమె వాకిట్లో ఎండబెట్టిన చేపలు తిరగేస్తోంది. అతను నిలబడే చెప్పాడు. "అవ్వా, ఈసారి మొదట్నించీ చివరిదాకా ఒక్క ఫ్లాష్ కూడా ఉండదు. నా బిడ్డల మీద ఒట్టు పెట్టుకోను, దేవుడి ముందు చెబుతుండా."

ఆమె తల ఎత్తి అతని మొహం చూసి, "నీళ్లు తాగి పో నాయనా, ఎండలో వచ్చినావు" అంది. అంతే.

ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. యువకుల డాన్సు నేర్పే టైటస్‌కు ఇరవై నాలుగేళ్లు. ఒళ్లంతా హుషారు. ఫ్లాష్ లేదన్న మాట వినగానే మొహం మాడ్చుకున్నాడు. పక్క ఊరి చర్చిలో పదహారు లైట్లతో చేశారనీ, ఇక్కడ ఉన్న ఎనిమిదింటికీ తాళం వేస్తే నలుగురిలో నవ్వులపాలవుతామనీ వాదించాడు.

"ఫ్లాష్ లేకపోతే అది డాన్స్ ఎట్టయితాదన్నా?"

"నీ డాన్సు బాగుంటే పసుపు బల్బు కింద కూడా బాగుంటాది అబ్బయ్యా. బాగలేకపోతే ఎన్ని లైట్లు కొట్టినా దాగదు."

అందరూ నవ్వారు. టైటస్ కూడా నవ్వాపుకోలేకపోయాడు గానీ పట్టు విడవలేదు. పాస్టరు సంజీవరావు గారు మెత్తని మనిషి, ఇద్దరినీ నొప్పించడం ఇష్టం లేక మధ్యేమార్గం చూశారు. డాన్సు నాలుగు నిమిషాలే కదా, ఆ నాలుగు నిమిషాలూ బిడ్డను పాస్టరమ్మగారు ఇంట్లో కూర్చోబెట్టుకుంటారు, అయ్యాక తీసుకొస్తారు అన్నారు. చాలామంది తల ఊపారు. సబబైన మాటలాగే ఉంది.

బెన్హర్ లేచి నిలబడ్డాడు. కమిటీలో అతను నిలబడి మాట్లాడటం అదే మొదలు.

"పోయినేడు ఆ బిడ్డను బయట కూర్చోబెట్టినాం అయ్యగారూ. ఈ ఒక్క రోజు ఆ ఫ్లాష్‌ను బయట కూర్చోబెడదాం."

పాస్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ విషయం అక్కడితో తేలిపోయింది.

తేలింది గానీ అసలు పని అప్పుడే మొదలైంది. ఫ్లాష్ మీటను తోయకుండా ఉంటే చాలనుకుంటే పొరపాటు. అబిగయీలు మందుల చీటీలు అడిగి తీసుకుని బెన్హర్ తనే నెల్లూరు వెళ్లాడు. డాక్టరు దగ్గర తన వంతు వచ్చేదాకా కూర్చుని, ఏ లైటు పడుతుంది, ఏది పడదు అని అడిగాడు. రోగి లేకుండా వచ్చిన ఈ మనిషిని చూసి ఆ డాక్టరు మొదట విసుక్కున్నా, తర్వాత కుర్చీ చూపించి వివరంగా చెప్పాడట. రంగు మెల్లగా మారితే పరవాలేదు. సెకనుకు మూడు సార్లు మించి ఆరి వెలిగేది ఆ బిడ్డకు వద్దు. నలుపూ తెలుపూ చారలు గిరగిరా తిరిగేవి కూడా వద్దు.

చారల సంగతి బెన్హర్‌కు అప్పటిదాకా తెలియదు. లైటు లోపల చిన్న రేకు చక్రం ఉంటుంది, దానిమీద డిజైన్లు కోసి ఉంటాయి. ఆకులు, చుక్కలు, నీటి అలలు, చారలు. ఇంటికి రాగానే ఏ పాటకు ఏ లైట్లో ముందే బోర్డులో దాచుకున్న సీన్లన్నీ తిరగేసి చారల డిజైను ఉన్నవన్నీ తుడిచేశాడు. నక్షత్రం పాటకు చుక్కల డిజైను పెట్టి, అది ఒక్క చుట్టు తిరగడానికి అరనిమిషం పట్టేలా చేశాడు. ఇంకొకటుంది. బోర్డు నుంచి కబురు తెగిపోతే కొన్ని లైట్లు తమంతట తామే ఇష్టం వచ్చినట్టు ఆడతాయి. ఎనిమిదింటినీ ఒక్కొక్కటిగా ఒళ్లో పెట్టుకుని, కబురు తెగితే ఆరిపోవాలి తప్ప ఆడకూడదని వాటికి నేర్పాడు. చివరగా బోర్డు మీద ఫ్లాష్ మీటను సున్నా దగ్గర పెట్టి పైన తెల్ల టేపు అంటించాడు.

అంతటితో ఊరుకోలేదు. అటక మీద నుంచి పాత హాలోజెన్లు రెండు దింపాడు. అవి బోర్డు మాట వినవు. స్విచ్చి వేస్తే వెలుగుతాయి, తీస్తే ఆరుతాయి. స్టేజీకి రెండు పక్కలా వాటిని కట్టి, స్విచ్చి తన కుడిచేతి పక్కన పెట్టుకున్నాడు. ఎనిమిది లైట్ల మెయిన్ స్విచ్చిని ఎడమచేతి పక్కకు తెచ్చుకున్నాడు. టైటస్ చూసి, అన్న ఈసారి లాంతర్లు కూడా తెస్తాడని ఎగతాళి చేశాడు. అంటూనే రెండో హాలోజెన్ కట్టడానికి నిచ్చెన పట్టుకున్నాడు.

సెమీ క్రిస్మస్ రోజు మైకుసెట్టు కొడవలూరు పెంచలకృష్ణది. వరి పండించే రైతు బిడ్డ. బెన్హర్‌తో పదిహేనేళ్ల జత. ఇద్దరూ ఎక్కడ పనిచేసినా పెంచలకృష్ణ భార్య కామాక్షి నిమ్మకాయ అన్నం రెండు పొట్లాలు కట్టి పంపుతుంది. తెలియనివాళ్లు వాళ్లను అన్నదమ్ములనుకుంటారు. చర్చి గేటు దగ్గరే చెప్పులు విడిచి లోపలికి వచ్చే మనిషి పెంచలకృష్ణ. గుడి ఎవరిదయినా దేవుడి గుమ్మమేనంటాడు.

సాయంత్రం నాలుగింటికి బెన్హర్ నిచ్చెన ఎక్కి చివరి లైటు దాకా అన్నీ చూసుకున్నాడు. ఆ చివరి లైటుకు, తీగ బయటికి పోయే రంధ్రంలో, చిన్న ప్లగ్గు ఒకటి పెట్టి ఉంటుంది. దానికి తీగ ఉండదు. లోపల బియ్యపు గింజంత రెసిస్టరు ఒకటే. దాన్ని బెన్హర్ కడపటి ప్లగ్గు అంటాడు. బోర్డు పంపిన కబురు తీగ చివరికి వచ్చి ఆగిపోవాలి. అక్కడ ఆ ప్లగ్గు లేకపోతే, గోడకు తగిలిన అల వెనక్కు వచ్చి వచ్చే అలతో కలబడినట్టు, కబురు వెనక్కు తిరిగి వచ్చే కబురుతో కలబడుతుంది. అప్పుడు లైట్లు చెప్పింది ఒకటయితే చేసేది ఇంకొకటి. ప్లగ్గు చేత్తో నొక్కి చూసి, బాగానే ఉందని దిగి, టీ తాగడానికి వెళ్లాడు.

ఆరున్నరకు ప్రార్థనతో మొదలయింది. స్వాగతం, పెద్దల పాట, తర్వాత టైటస్ జట్టు డాన్సు. బెన్హర్ వాళ్లకు నారింజ, నీలం, మళ్లీ నారింజ, తాళానికి సరిగ్గా మెల్లగా మార్చుకుంటూ వచ్చాడు. పిల్లగాళ్లు నిజంగానే బాగా చేశారు. జనం చప్పట్లు ఆగలేదు. టైటస్ దిగుతూ బోర్డు వైపు చూసి బొటనవేలు ఎత్తాడు.

గొల్లపిల్లల పాట మొదలయింది. పదిహేనుమంది పిల్లలు, తలలకు తువ్వాళ్లు చుట్టుకుని. అబిగయీలు ముందు నిలబడింది. మొదటి వరసలో మగ్దలీనమ్మ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, మనవరాలి మొహం మీద నుంచి చూపు తిప్పకుండా కూర్చుంది. ఆ సంచిలో నల్ల కళ్లద్దాలు, ఒక తువ్వాలు ఉన్నాయని బెన్హర్‌కు తెలుసు.

అప్పటిదాకా నాలుగు లైట్లతోనే నెట్టుకొచ్చాడు. ఈ పాటకు ఎనిమిదీ కావాలి. ఆకుల డిజైను వేసి, ఆకుపచ్చ రంగు వేసి, ఎనిమిదింటినీ మెల్లగా పైకెత్తాడు. రెండో చరణం మధ్యలో చివరి లైటు ఒక్కసారి వణికింది.

బెన్హర్ వెన్ను నిటారైంది. తన కళ్లు చెదిరాయా అనుకునే లోపే ఏడోది వణికింది, ఆరోది వణికింది. టేపు కింద ఫ్లాష్ మీట కదలలేదు. కదలకుండానే లైట్లు కొట్టుకోవడానికి సిద్ధమవుతున్నాయి. ఇంకేమీ ఆలోచించలేదు. ఎడమచేత్తో మెయిన్ స్విచ్చి తీసేశాడు, కుడిచేత్తో హాలోజెన్లు వేశాడు. రెప్పపాటు చీకటి, ఆ వెంటనే స్టేజీ అంతా పసుపు వెలుగు.

పిల్లలు తడబడ్డారు. ఒకరిద్దరు పాట ఆపారు. అబిగయీలు ఆపలేదు. గొంతు కాస్త పెంచి చరణం అందుకుంది. మిగతావాళ్లు ఆ గొంతు పట్టుకుని వెంట వచ్చారు. పాట చివరిదాకా నిలబడే పాడింది. మగ్దలీనమ్మ సంచిలో పెట్టిన చెయ్యి అప్పుడు బయటికి తీసింది.

తర్వాత వాక్యం. పాస్టరు గారు అరగంట మాట్లాడతారు. దానికి రంగు లైట్లు అక్కర్లేదు. బెన్హర్ స్టేజీ వెనక్కు పరుగెత్తి నిచ్చెన ఎక్కి చూశాడు. చివరి లైటు రంధ్రం ఖాళీగా ఉంది.

కింద పెంచలకృష్ణ వచ్చి నిలబడ్డాడు. లైట్లు ఆరిపోయినప్పుడే అతనికి ఏదో తట్టింది. ప్రసంగం మైకు తీగ కొసన పిన్ను ఉప్పుగాలికి తుప్పుపట్టి అయిదింటికి విరిగిపోయిందనీ, పైన తీగ లేని ప్లగ్గు ఒకటి ఊరికే ఉందని పీకి దీనికి వేశాననీ, టీకి పోయిన మనిషిని దానికోసం ఎందుకు లేపాలని చెప్పలేదనీ ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చెప్పాడు. రెండు రకాల తీగలకూ ఒకటే మూడుకాళ్ల ప్లగ్గు. మైకుసెట్టు మనిషి ఎవరయినా అట్లాగే చేస్తాడు.

"దాని లోపల చిన్నదొకటి ఉండాలే, అదేం చేసినావు?"

పెంచలకృష్ణ చొక్కా జేబులో వేళ్లు పెట్టి, బస్సు టికెట్ల మధ్య నుంచి ఆ రెసిస్టరును బయటికి తీశాడు. "కొయ్యలేదన్నా. వేడిచేసి తీసినా. దేనికో పనికొస్తాదని పెట్టుకున్నా."

రెసిస్టరు దొరికింది, ప్లగ్గు లేదు. అది ఇప్పుడు పాస్టరు గారి చేతిలో మైకు తీగ చివర ఉంది, వాక్యం నడుస్తోంది. బెన్హర్ అటూ ఇటూ చూశాడు. పెంచలకృష్ణ తన పెట్టె తెరిచి, ఆ నెలలోనే కొని ఉప్పుగాలికి బయటపెట్టకుండా దాచుకున్న కొత్త మైకు తీగ తీసి, కొస దగ్గర కత్తెరతో కటుక్కున కోశాడు. ప్లగ్గు విప్పి బెన్హర్ చేతికిచ్చి, సోల్డరింగు కడ్డీ జనరేటరుకు తగిలించాడు. ఇద్దరూ ఇసుకలో మోకాళ్ల మీద కూర్చున్నారు. టైటస్ ఫోను వెలుగు పట్టాడు.

రెసిస్టరు అతికించిన ప్లగ్గు చివరి లైటుకు పెట్టి కరెంటు ఇవ్వగానే ఎనిమిది లైట్లూ వెలగకుండానే మెడలు తిప్పి ఒళ్లు విరుచుకున్నాయి. ఫేబీ టీచరు వచ్చి, ఎందుకొచ్చిన గొడవ, మిగిలిన పాట కూడా ఆ పసుపు వెలుగులోనే కానిద్దామంది. అదే సురక్షితమని బెన్హర్‌కు తెలుసు. కానీ ఆ మాట అనాల్సింది తనూ కాదు, టీచరూ కాదు అనిపించింది. టైటస్‌ను పంపి మగ్దలీనమ్మను పిలిపించాడు.

స్టేజీ వెనక సరుగుడు తోపు ఉంది. లైట్ల మొహాలన్నీ జనానికి కనబడకుండా ఆ తోపు వైపు తిప్పి, నక్షత్రం పాట సీను మొదటి నుంచీ నడిపించాడు. నీలం మెల్లగా ఊదాలోకి మారింది. సరుగుడు కొమ్మల మీద చుక్కలు నడిచాయి. ముసలామె తల ఎత్తి చూస్తూ నిలబడింది. బెన్హర్ ఆమె పక్కన నిలబడి మనసులో మూడువందలు లెక్కపెట్టాడు. చెట్లు గాలికి ఊగాయి తప్ప వెలుగు వణకలేదు. మళ్లీ మొదటికి తెచ్చి ఇంకో మూడువందలు లెక్కపెట్టాడు.

"నీ ఇష్టం అవ్వా. వద్దంటే ఆ పాత లైట్లే వేస్తా. నాకేం చిన్నతనం లేదు."

మగ్దలీనమ్మ ఇంకాసేపు చూసింది. తర్వాత అంది. "అల్లాడటంలే నాయనా. బిడ్డ రంగులు చూసి రెండేళ్లయింది. చూడనీ."

వాక్యం ముగిసింది. నక్షత్రం పాట వచ్చింది. అబిగయీలు ఒక్కతే ముందుకు నడిచి వచ్చి నిలబడింది. స్టేజీ వెనక కట్టిన తెల్లగుడ్డ మీద చుక్కలు ఒక్కొక్కటే తేలాయి, నీలం పరుచుకుంది. ఆ బిడ్డ పాట ఎత్తుకోవడం మరిచి, తల తిప్పి వెనక్కు చూసింది. ఫేబీ టీచరు హార్మోనియం మీద శ్రుతి మళ్లీ వాయించింది. అప్పుడు జనం వైపు తిరిగి పాడింది.

ఊరంతా ఆ చుక్కలను చూసింది. బెన్హర్ చూడలేదు. అతని చూపు ఆ బిడ్డ మొహం మీద, ఎడమచెయ్యి మెయిన్ స్విచ్చి మీద. పాట మొత్తం ఆ చెయ్యి తియ్యలేదు. చివరి చరణంలో అందరూ లేచి నిలబడి గొంతు కలిపినప్పుడు కూడా అతను కూర్చునే ఉన్నాడు. ముగింపు ప్రార్థనకు ఆమెన్ అన్నాక చూసుకుంటే వేళ్లు కొయ్యబారి ఉన్నాయి.

జనం కేకు ముక్కల కోసం వరస కట్టారు. పెంచలకృష్ణ ఎర్ర టేపు మీద 'ముట్టుకోవద్దు' అని రాసి కడపటి ప్లగ్గుకు చుట్టి వచ్చాడు. కోసిన తీగ సంగతి బెన్హర్ ఎత్తబోతే, ముందు అన్నం తిను, కామాక్షి అడుగుతాది అని పొట్లం విప్పి ముందు పెట్టాడు.

అబిగయీలు తువ్వాలు ఇంకా తలకు చుట్టుకునే ఉంది. ఒక చేతిలో కేకు పళ్లెం పట్టుకుని వచ్చి, దాన్ని బెన్హర్ ముందు పెట్టి, బోర్డు వైపు వంగి చూసింది.

"ఏది అన్నా, ఆ రోజు తోసిన మీట?"

బెన్హర్ టేపు అంటించిన మీట చూపించాడు.

ఆ బిడ్డ దాన్ని కాసేపు చూసింది. గాలి తేమకు టేపు ఒక మూల లేచి ఉంది. వేలు నాలుకకు అద్దుకుని, ఆ మూలను గట్టిగా నొక్కి అంటించి, అవ్వ పిలుస్తోందని వెళ్లింది.